మన ఊరి లెక్క మన చేతిలో



పైరు నీరసించిందంటే ఆకు తిప్పి చూస్తాం. ఎద్దు మేత ముట్టలేదంటే నోరు తెరిచి నాలుక చూస్తాం. రోగం లోపల ఉన్నా దాని గుర్తు పైన కనబడుతుందని మనకు తెలుసు. అట్లే ఊరికి కూడా గుర్తులున్నవి. ఊళ్లో ఎంతమంది ఉన్నారు, ఎవరికి ఎంత భూమి ఉంది, ఆ భూమి దున్నేదెవరు, వాన ఎన్ని దినాలు పడింది, అప్పు ఎక్కడ తెచ్చారు, ఆడపిల్ల ఎన్నో తరగతిలో బడి మానింది, మాఘమాసానికి ఎన్ని ఇళ్లకు తాళాలు పడ్డవి? ఇవన్నీ ఊరి గుర్తులే. పుస్తకాలలో వీటికి సాంఘిక, ఆర్థిక సూచికలని పేరు. పేరు పెద్దదే గాని, పలక, బలపం ఉన్న ఏ ఊరైనా చేసుకోగల పని ఇది. ఈ గుర్తులను ఎట్లా చదవాలి, వాటితో మనకేమి పని అన్నదే ఈనాటి ప్రసంగ విషయం.

ఉదాహరణకు మన అనంతపురం జిల్లానే తీసుకుందాం. 2022 ఏప్రిల్ 4న ఈ జిల్లా రెండయింది. పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. కాని 2011 జనాభా లెక్కలు పాత జిల్లాకు, అనగా 63 మండలాలకూ కలిపి తీసినవి. ఆ లెక్క ప్రకారం జిల్లా విస్తీర్ణం 19,130 చదరపు కిలోమీటర్లు. జనం 40,81,148 మంది. చదరపు కిలోమీటరుకు 213 మంది. మగవారు వెయ్యి మంది ఉంటే ఆడవారు 977 మంది. ఏడేళ్లు, ఆపై వయసు వారిలో చదవను రాయను వచ్చినవారు నూటికి 63.57. ఇందులో మగవారు 73.02 శాతం, ఆడవారు 53.97 శాతం.

ఈ అంకెలు వినేసి తల ఊపి ఊరుకుంటే ప్రయోజనం లేదు. ఒక్కొక్క అంకెనూ ప్రశ్న అడగాలి. 977 అన్నది అన్ని వయసుల వారికీ కలిపిన లెక్క. అదే ఆరేళ్ల లోపు పిల్లలను విడిగా లెక్కిస్తే వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లలు 927 మందే. అంటే పెద్దవాళ్లలో కంటే చిన్నపిల్లలలో కొరత ఎక్కువ. మొదటి అంకె గడిచిన కాలాన్ని చెబుతుంది, రెండవది రాబోయే కాలాన్ని చెబుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసినవాడికే సంగతి బోధపడుతుంది.

ఇంకొక మాట. పదేళ్లకొకసారి జరిగే ఈ లెక్క 2021లో జరగవలసి ఉండీ జరగలేదు. 2027 మార్చి 1ని ప్రాతిపదికగా పెట్టుకొని జరుపుతామని 2025 జూన్ 16న ప్రభుత్వం ప్రకటన ఇచ్చింది. 2011లో పలక పట్టిన పిల్ల ఆ నాటికి బిడ్డ తల్లి కావచ్చు. అంతకాలం పాత అంకెతోనే ఊరిని కొలవటం, పోయినేటి పదునును చూసి ఈ యేడు విత్తటం వంటిది. కనుకనే, సర్కారు లెక్క సర్కారు తీస్తుంది, మన ఊరి లెక్క మనమూ తీసుకోవాలని నేను చెప్పేది.

ముందుగా సగటు అనే మాట గురించి జాగ్రత్త చెప్పుకుందాం. పదిమంది రైతులున్న ఒక చిన్న పల్లె అనుకోండి. తొమ్మండుగురికి తలా రెండెకరాలు. పదో ఆయనకు 42 ఎకరాలు. మొత్తం 60 ఎకరాలు, సగటు ఆరెకరాలు. రికార్డులో ఏమని ఉంటుంది? 'ఈ పల్లెలో రైతుకు సగటున ఆరెకరాలు' అని ఉంటుంది. చూసినవాడు పరవాలేదే అనుకుంటాడు. నిజానికి ఆరెకరాల రైతు ఆ పల్లెలో ఒక్కడు కూడా లేడు. కాబట్టి సగటు చెప్పినవాణ్ణి వెంటనే రెండు ప్రశ్నలు అడగండి. అందరిలో తక్కువ ఎంత, ఎక్కువ ఎంత? అందరినీ వరుసగా నిలబెడితే నడిమివాడికి ఎంత? ఈ రెండు ప్రశ్నలు తెలిసిన ఊరిని కాకి లెక్కలతో ఎవరూ మోసపుచ్చలేరు.

ఇక భూమి సంగతి. వ్యవసాయ గణన ప్రకారం 1970-71లో మన దేశంలో సగటు కమతం 2.28 హెక్టార్లు. 2015-16 నాటికి అది 1.08 హెక్టార్లకు దిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 0.94 హెక్టారు, అంటే సుమారు రెండు ఎకరాల ముప్పై సెంట్లు. అన్నదమ్ములు పంచుకున్న కొద్దీ గట్లు పెరిగినవి, చేలు తగ్గినవి. ఇది అందరూ ఎరిగిన సంగతే. ఎరగనిది, ఎరిగినా కాగితం మీదికి రానిది మరొకటి ఉన్నది. భూమి పేరు ఒకరిది, సేద్యం చేసేది మరొకరు.

మన సీమలో గుత్తకు తీసుకోవటం, కోరుకు చేయటం అంటారు. కోస్తా జిల్లాలలో కౌలు అంటారు. పేరేదైనా పెట్టుబడి పెట్టేది, పైరు ఎండితే నష్టపోయేది ఆ దున్నేవాడే. 2018-19లో జాతీయ నమూనా సర్వే వారు దేశమంతటా రైతు కుటుంబాలను విచారించారు. గుత్తకు తీసుకున్న భూమి గల సాగు కమతాలు దేశం మొత్తం మీద 17.3 శాతం ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం ఉన్నవి. నూటికి నలభై రెండు అంటే తక్కువ సంఖ్య కాదు. ఇక మన ఊరి రికార్డు తిప్పి చూడండి. పట్టాదారుల పేర్లు వరుసగా ఉంటవి. గుత్తదారుల పేర్లు ఎన్ని ఉన్నవి?

ఇది ఎందుకు ముఖ్యమంటే, సాయం రికార్డు వెంట నడుస్తుంది. 2019లో మొదలైన పి.ఎం. కిసాన్ పథకం కింద ఏడాదికి ఆరు వేల రూపాయలు మూడు విడతలుగా వచ్చేది భూమి పేరు మీద ఉన్నవారికి. బ్యాంకు పంట రుణమూ పట్టా పుస్తకాన్నే ముందు అడుగుతుంది. గుత్త రైతును లెక్కలోకి తేవటానికి మన రాష్ట్రంలో 2011లో ఒక చట్టం, 2019లో మరొక చట్టం చేశారు. చట్టం ఉన్నంత మాత్రాన పేరు దానంతట అది ఎక్కదు. చేను ఇచ్చిన ఆసామి, 'సంతకం పెడితే భూమి పోతుందేమో' అని భయపడతాడు. చేసుకునేవాడు, 'కార్డు అడిగితే వచ్చే యేడు చేను ఇవ్వడేమో' అని వెనుకాడతాడు. 2019 చట్టంలో పత్రం గడువు పదకొండు నెలలే. అది సాగు హక్కును గురించినదే గాని భూమి మీద హక్కును ఇచ్చేది కాదు. ఈ మాట రచ్చబండ మీద నలుగురూ వినేటట్లు చెప్పవలెను. పైరు ఎవరిదో ఆ పేరు పంట నమోదులో ఉండాలి. ఊరి పుస్తకంలో మాత్రం గుత్త రైతుకు విడిగా ఒక గడి ఉండి తీరాలి.

భూమే లేనివారి సంగతి కూడా చూద్దాం. 2001లో దేశంలో సాగుదారులు 12.73 కోట్లు, వ్యవసాయ కూలీలు 10.68 కోట్లు. 2011 వచ్చేసరికి సాగుదారులు 11.88 కోట్లకు తగ్గారు, కూలీలు 14.43 కోట్లకు పెరిగారు. సొంత చేను దున్నేవారి కంటే పరుల చేలో పని చేసేవారు ఎక్కువైనారు. ఊరి బాగు అంటే పట్టాదారుల బాగు ఒక్కటే అనుకుంటే సగం ఊరిని మరచినట్లే.

ఇప్పుడు వాన లెక్క. మన జిల్లాకు ఏడాది మొత్తం మీద సాధారణంగా పడవలసిన వాన సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాలలో మనది ఒకటి. నైరుతి గాలులు తెచ్చే తడిని పడమటి కనుమలు ముందే పిండుకుంటవి. ఈశాన్య గాలులు తూర్పు తీరం దాటి ఇంత దూరం వచ్చేసరికి నీరసిస్తవి. ఈ రెండింటి నడుమన మనం ఉన్నాం. ఇది కొత్తగా వచ్చిన కష్టం కాదు, మార్చగలిగేదీ కాదు. మార్చగలిగింది మనం వానను కొలిచే తీరును.

550 మిల్లీమీటర్లు పడిందనగానే మంచి యేడని రాసుకుంటారు. అది యాభై దినాలలో పడిందా, ఇరవై దినాలలో పడిందా? రోజుకు రెండున్నర మిల్లీమీటర్లు, అంతకు పైన పడితేనే వాతావరణ శాఖవారు దానిని వాన దినంగా లెక్కిస్తారు. ఇరవై దినాలలోనే పడిందంటే సగం నీరు వంకల పాలు. వేరుశనగ, మనం చెనిక్కాయ అనేది, విత్తిన నలభై దినాల నుంచి ఊడలు దింపి కాయ ఊరే పనిలో ఉంటుంది. ఆ నెలరోజులు నేల గట్టిపడిందంటే ఊడ దిగదు, దిగిన ఊడకు కాయ నిండదు. అటువంటి యేడు మొత్తం వాన సరిపోయినట్లు కాగితం చెబుతుంది, చేలో మాత్రం చెట్టుకు రెండు కాయలు. కాబట్టి మన పుస్తకంలో మొత్తం వాన ఒక్కటే చాలదు. విత్తనానికి పదును అయిన తేదీ, వాన దినాల సంఖ్య, పైరు మీద వాన లేకుండా గడిచిన అన్నింటికంటే పొడవైన ఎడం ఎన్ని దినాలన్నది, ఈ మూడూ రాయాలి. అదునెరిగి సేద్యం, పదునెరిగి పైరు అన్నారు పెద్దలు. అదును, పదును రెండింటినీ తేదీలతో రాసి పెట్టుకోవటమే మనం చేసేది.

వానను కొలవటానికి పెద్ద యంత్రం అక్కరలేదు. అడుగు చదునుగా, అంచులు నిట్టనిలువుగా, మూతి అడుగు సమానంగా ఉన్న డబ్బా ఒకటి చాలు. చెట్టుకు, గోడకు దూరంగా బయలు జాగాలో కదలకుండా పాతండి. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు స్కేలు పెట్టి చూసి, రాసి, నీరు పారబోయండి. స్కేలు మీద ఒక మిల్లీమీటరు నీరుంటే ఎకరాకు సుమారు నాలుగు వేల లీటర్లు పడినట్లు. వాతావరణ ఆధారిత పంట బీమాలో పరిహారం నిర్ణయమయ్యేది నియమిత వానకొలత కేంద్రంలో నమోదైన అంకె మీదనే. మన డబ్బా అంకె దానికి బదులు కాదు. కాని మండలంలో పడి మన ఊళ్లో పడని వానకు తేదీలతో సహా మన దగ్గర సాక్ష్యం ఉంటే, అధికారుల ముందు మాట్లాడే నోటికి బలం ఉంటుంది.

దిగుబడి ఆధారంగా ఇచ్చే బీమా ఉన్నది. అందులోనూ లెక్కే ప్రాణం. ముఖ్యమైన పైరుకు ఊరిని యూనిట్‌గా పెట్టినచోట, ఆ ఊళ్లో కనీసం నాలుగు చేలలో పంటకోత ప్రయోగం చేస్తారు. ఆ నాలుగింటి సగటే ఊరందరి దిగుబడి అవుతుంది. లెక్క ఇట్లా ఉంటుంది. హామీ దిగుబడి ఎకరాకు 400 కిలోలు అనుకోండి. ప్రయోగంలో వచ్చినది 100 కిలోలు. తక్కువ పడినది 300. అంటే నూటికి 75 వంతుల నష్టం, బీమా మొత్తంలో అంత శాతం రావాలి. ఆ నాలుగు చేలలో రెండు చేలు బోరు కింద తడిసినవైతే ఊరి సగటు పైకి పోతుంది, మెట్ట రైతుకు పరిహారం తగ్గుతుంది. కోత కోసే దినాన ఊరి నుంచి పదిమంది దగ్గర నిలబడి చూడటం, చేతిలో కాగితం పెట్టుకోవటం తప్పు కాదు. అది మన హక్కు.

నీళ్ల సంగతిలో ఊరికి ఒకే గుర్తు పెట్టమంటే నేను దీనిని పెడతాను. గత పదేళ్లలో ఊళ్లో వేసిన బోర్లు ఎన్ని, వాటిలో ఎండకాలంలో కూడా నీళ్లు పోసేవి ఎన్ని? బోర్లు ఎన్ని ఉన్నవో అందరూ సంతోషంగా చెబుతారు, ఎండినవి ఎన్నో చెప్పటానికి మొహమాటపడతారు. కాని ఊరికి తెలియవలసింది ఎండిన బోరు లెక్కే. పక్కవాని బోరు ఎన్ని అడుగుల దాకా పోయి ఎండిందో తెలిస్తే మనం మరొక లక్ష మట్టిలో పోయకుండా ఆగుతాం.

ఇక ఆదాయం, అప్పు. ఈ రెండూ మనం నోరు విప్పి చెప్పని సంగతులు. 2018-19 సర్వే ప్రకారం దేశంలో ఒక రైతు కుటుంబానికి సగటున నెలకు వచ్చిన రాబడి 10,218 రూపాయలు. ఇంటివారి సొంత కష్టానికి కూలి కట్టకుండా వేసిన లెక్క ఇది. ఈ 10,218 ఎక్కడెక్కడి నుంచి వచ్చినదో విప్పి చూడండి. కూలి, జీతాల వల్ల 4,063. పంట మీద 3,798. పశువుల మీద 1,582. చిన్న వ్యాపారం మీద 641. భూమి కౌలుకు ఇచ్చినందుకు 134.

సోదరులారా, ఇందులో ఉన్న ముఖ్యమైన సంగతి గమనించారా? రైతు కుటుంబం అన్న పేరే గాని, పంట తెచ్చిన దానికంటే కూలి తెచ్చినది ఎక్కువ. రైతు అని మనం పిలిచే మనిషి ఇంట్లో పొయ్యి వెలిగేది ముందుగా ఇంట్లో ఎవరో చేసిన కూలి వల్ల. ఈ అంకె తెలిసిన ఊరు రెండు పనులు చేస్తుంది. ఒకటి, పంట ఒక్కదాని మీదనే బతుకు నిలపకుండా రెండు బర్రెలో, పది గొర్రెలో చేర్చుకునే దారి చూస్తుంది. రెండు, కూలి రేటు, ఉపాధి పని అన్నవి భూమి లేనివారి గొడవ మాత్రమే అనుకోదు.

అప్పు లెక్కలో మన రాష్ట్రం దేశంలో మొదటి స్థానాన నిలిచింది. ఆ సర్వేలో ఆంధ్రప్రదేశ్ రైతు కుటుంబాలలో నూటికి 93.2 అప్పులో ఉన్నవి. సగటు బాకీ 2,45,554 రూపాయలు. దేశం మొత్తం మీద అప్పున్న కుటుంబాలు 50.2 శాతం, సగటు బాకీ 74,121 రూపాయలు. అప్పు చేయటమే పాపమని నేననను. అప్పు లేకుండా సేద్యం లేదు. చూడవలసింది ఎక్కడి అప్పు, ఎందుకు చేసిన అప్పు అన్నది. లక్ష రూపాయలు నూటికి నెలకు మూడు రూపాయల చొప్పున తెస్తే ఏడాదికి 36,000 వడ్డీ. అదే లక్ష బ్యాంకు పంట రుణంగా ఏడు శాతానికి దొరికితే ఏడు వేలు. గడువు లోపల తిరిగి కట్టినవారికి మూడు శాతం తగ్గింపు వర్తించినప్పుడు నాలుగు వేలు. ముప్పై ఆరు వేలకూ నాలుగు వేలకూ నడుమ ఉన్న తేడా ఒక పాడి పశువు వెలలో మంచి భాగం. ఊళ్లో ప్రతి నూరు రూపాయల అప్పులో బ్యాంకుది ఎంత, సంఘానిది ఎంత, ప్రైవేటు వడ్డీది ఎంత? ఈ ఒక్క గుర్తు ఏటేటా రాస్తే ఊరు పైకి పోతున్నదా, కిందికి జారుతున్నదా ఎవరైనా చెప్పగలరు. మళ్లీ చూడండి, ప్రైవేటు వడ్డీకి పోయేవారిలో ఎక్కువమంది బ్యాంకు గడప తొక్కలేని గుత్త రైతులే. ఒక గుర్తుకు మరొక గుర్తు ముడిపడి ఉన్నది.

ఆడవారి సంగతి మనం వేసుకునే లెక్కలలో చివరకు వస్తుంది, నేనూ ఇక్కడికి వచ్చాను. జనాభా లెక్కలలో ఏడాదికి 183 దినాలు, అంటే ఆరు నెలలు, ఆపైన పని చేసినవారిని ముఖ్య కార్మికులని, అంతకు తక్కువ చేసినవారిని ఉపాంత కార్మికులని రాస్తారు. లెక్క రాసేవారు ఇంటికి వచ్చినప్పుడు గడపలో కూర్చున్న మగమనిషిని, 'మీ ఆమె ఏం చేస్తుంది?' అని అడుగుతారు. ఆయన, 'ఏం చేస్తుందండీ, ఇంట్లోనే' అంటాడు. పొద్దున పేడ ఎత్తినదీ, పాలు పితికినదీ, చేలో కలుపు తీసినదీ, చెనిక్కాయ ఒలిచి విత్తనం ఏరినదీ ఆ ఒక్క మాటతో మాయమైపోతుంది. లెక్కలో లేని పనికి శిక్షణ రాదు, పనిముట్టు రాదు, రుణమూ రాదు. ఈసారి లెక్కకు వచ్చినప్పుడు జవాబు ఆమెనే చెప్పనివ్వండి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవారిలో నూటికి 57 మందికి రక్తం తక్కువ. కలుపు కూలికి పోయే చేయి అదే, బిడ్డను మోసే కడుపు అదే. మన నేలలో కొర్ర, సజ్జ, రాగి, జొన్న పండించి తిన్న కాలం పెద్దలకు గుర్తే. చేనంతా చెనిక్కాయే అయినాక సంగటి ముద్ద కూడా అంగడి నుంచి కొనవలసి వచ్చింది. చేలో ఏ పైరు ఎన్ని ఎకరాలు అన్న లెక్క పక్కన, ఇంట్లో ఏమి తింటున్నాం అన్న లెక్క కూడా ఉంటే బాగుంటుంది. చెనిక్కాయలో కంది సాలు, గట్టు వెంట సజ్జ వేయమని మేము చెప్పేది అంగడి ధర కోసం మాత్రమే కాదు.

బడి సంగతికి ఒకే గుర్తు. ఊళ్లో ఐదో తరగతి పూర్తి చేసిన ఆడపిల్లల్లో పదో తరగతి పరీక్ష రాసినవారు ఎందరు? హైస్కూలు ఎంత దూరం, బస్సు ఉందా, బడిలో మరుగుదొడ్డి ఉందా అన్నవి దాని వెనక వచ్చే ప్రశ్నలు. పిల్ల బడి మానిన యేడాదికి, పెళ్లి చేసిన యేడాదికి మధ్య ఎడం ఎంతో రాసి చూడండి. ఆ కాగితం మనచేత చాలా సంగతులు చెప్పిస్తుంది.

చివరి గుర్తు వలస. పంట పోయిన యేడు సంక్రాంతి దాటగానే బెంగళూరుకు, కేరళకు బస్సులు నిండిపోవటం మనకు తెలిసినదే. పనికి పోవటం తప్పు కాదు. ముసలివాళ్లను, బడి పిల్లలను ఇంట్లో వదిలి పోవలసి రావటమే కష్టం. ఫిబ్రవరి నెల పౌర్ణమినాడు ఊరంతా తిరిగి తాళం వేసిన ఇళ్లు లెక్కపెట్టండి. ఏటా అదే నెల, అదే దినం. ఈ యేడు 30, వచ్చే యేడు 18 అయితే ఏదో మేలు జరిగింది. 45 అయితే ఊరు గట్టిగా ఆలోచించవలసి ఉన్నది.

'ఏం సార్, లెక్క రాస్తే వాన పడుతాదా?' అని ఒక ఊళ్లో ఒక పెద్దాయన నన్ను అడిగినాడు. న్యాయమైన ప్రశ్న. 'వాన పడదు పెద్దాయనా, వాన పడలేదన్న సంగతి పై వాళ్లకు నమ్మకం కలుగుతాది' అన్నాను. అది చిన్న సంగతి కాదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలైంది. అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి ప్రారంభించారు. ఇంటికి ఏడాదికి 100 దినాల పని అన్నది 2005 నాటి ఆ చట్టం ఇచ్చిన హామీ. మొదటి విడతలో దేశమంతటికీ 200 జిల్లాలనే తీసుకున్నారు. అందులో మనది ఉన్నది. వెనుకబాటును కొలిచి చూపిన లెక్కలు లేకుండా అటువంటి జాబితా తయారు కాదు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఆకాంక్షిత జిల్లాల కార్యక్రమం పెట్టి, 112 జిల్లాలను 49 సూచికలతో కొలవసాగింది. మన రాష్ట్రం నుంచి విశాఖపట్నం, విజయనగరం, కడప తీసుకున్నారు. మన పక్క జిల్లా ఉన్నది, మన జిల్లా లేదు. ఏ జాబితాలో పేరు ఉంటుందో ఏ జాబితాలో ఉండదో నిర్ణయించేది అంకె. ఆ అంకె మొదట పుట్టేది మన ఊరి గడపలోనే.

ఇక పని ఎట్లా మొదలుపెట్టాలి? ఒక పెద్ద నోటుబుక్కు కొనండి. పొదుపు సంఘం అక్కలు ఇద్దరు, హైస్కూలు పిల్లలు నలుగురు, వారికి తోడుగా ఒక పంతులుగారు, గుత్త రైతు ఒకరు, కూలి మనిషి ఒకరు చేరాలి. పట్టాదారులే కూర్చుని రాస్తే వారి ఊరే రాస్తారు. ఇంటింటికీ పోయి ఆరు సంగతులు అడగండి: ఇంట్లో మనుషులు, వారి చదువు, భూమి, అది ఎవరి సాగులో ఉన్నది, బోరు, బావి, పశువులు, అప్పు ఎక్కడిది, పనికి ఊరు విడిచిన నెలలు. వాన పుస్తకం వేరుగా ఉండాలి.

మూడు కట్టుబాట్లు మరవకండి. ఒకటి, ఏటా ఒకే నెలలో, ఒకే తీరున అడగాలి. ఒకసారి కోతల తర్వాత, మరొకసారి విత్తనాల ముందు అడిగితే రెండింటికీ పోలిక కుదరదు. రెండు, ఒక ఇంటి అప్పు మరొక ఇంటికి తెలియగూడదు. గోడ మీద రాసేది ఊరి మొత్తమే గాని మనిషి పేరు కాదు. ఈ నమ్మకం పోయిన నాడు జనం నిజం చెప్పటం మానేస్తారు. మూడు, వచ్చిన అంకె మనకు నచ్చకపోయినా దిద్దగూడదు. సాయం కోసం తగ్గించి రాయటం, గొప్ప కోసం పెంచి రాయటం రెండూ ఊరికి చేటే.

లెక్క తయారైన తర్వాత దానిని పెట్టెలో దాచకండి. గ్రామసభలో చదవండి. పంచాయతీలు ఏటా తమ అభివృద్ధి ప్రణాళిక రాసుకునే ఏర్పాటు ఉన్నది. ఆ ప్రణాళికలో మొదటి పని ఏదని తగువు వచ్చినప్పుడు గొంతు పెద్దదైనవాడు గెలవకుండా, ఊరి పుస్తకం చెప్పినట్లు జరగాలి. ఎండిన బోర్లు 60 అని పుస్తకం చెబితే చెరువు పూడిక తీయటం ముందు, సిమెంటు రోడ్డు తర్వాత. ఆడపిల్లలు ఏడో తరగతితో ఆగుతున్నారని చెబితే బస్సు కోసం అర్జీ ముందు, ఆర్చి కట్టడం తర్వాత.

ఈ యేడు ఆరు సంగతులూ కుదరకపోతే రెండింటితో మొదలుపెట్టండి: వాన దినాలు, గుత్త రైతుల పేర్లు. ఈ రెండూ తొలకరికి ముందే సిద్ధం చేసుకోవచ్చు. పంట నమోదుకు మీ ఊరి వ్యవసాయ సహాయకుడు వచ్చే నాటికి గుత్త రైతుల జాబితా మీ చేతిలో ఉంటే, ఈ కాపులో ఒక్కరి పేరైనా తప్పిపోకుండా ఉంటుంది. చేను ఎండిన నాడు ఆ ఒక్క పేరే ఒక కుటుంబాన్ని ఊళ్లో నిలబెడుతుంది.